పొదుగు వాచకముందే పాలు చెప్పే మాట

పాల కేంద్రంలో నిన్నటిదాకా 8.4 చూపించిన ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలల్లో వెన్న తీసేస్తే మిగిలే ఘనపదార్థాల శాతం) 7.9కి పడితే మొదట వినిపించే ప్రశ్న, "నీళ్ళు కలిపినావా?" రైతు ఒట్లు పెట్టుకుంటాడు. కేంద్రం మనిషి మిషన్ చూపిస్తాడు. ఇద్దరూ నిజమే చెబుతూ ఉండొచ్చు. బయటి నీళ్ళు చుక్క కలవకుండానే పాలు పలచబడే దారి ఒకటుంది. అది పొదుగు లోపలే ఉంది.

చన్నులోకి సూక్ష్మజీవి చేరితే పాలు తయారుచేసే కణాలు దెబ్బతింటాయి. లాక్టోజ్ (పాల చక్కెర) తగ్గుతుంది, కేసీన్ (పాల మాంసకృత్తు) తగ్గుతుంది, రక్తంలోని ఉప్పు పాలల్లోకి దిగుతుంది. ఈ జబ్బే పొదుగువాపు, దాని పాలు ఉప్పగా ఉండేది ఇందుకే. లాక్టోజ్, కేసీన్ తగ్గితే ఎస్‌ఎన్‌ఎఫ్ తగ్గక ఏమవుతుంది? ఆవు పాలకు ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పెట్టిన కనీస ప్రమాణం 8.3 శాతం. దానికి కిందికి జారిన ప్రతి పాయింటుకూ ధర కోత పడుతుంది.

అయితే ఎస్‌ఎన్‌ఎఫ్ పడిన ప్రతిసారీ పొదుగువాపు అనుకోవడానికి లేదు. అనంతపురం ఎండాకాలంలో పచ్చిమేత దొరక్క, ఉత్త చెనక్కాయ కట్టె, జొన్న చొప్ప మీద నెట్టుకొచ్చే ఆవులకు కూడా అది పడుతుంది. తేడా పట్టుకోవడం కష్టమేం కాదు. మేత తక్కువైతే కొట్టంలో ఆవులన్నిటికీ కలిసి పడుతుంది, ఒక్కో ఆవులో నాలుగు చన్లలోనూ ఒకేలా పడుతుంది. పొదుగువాపైతే ఎక్కువగా ఒక ఆవులో ఒకటో రెండో చన్లు మాత్రమే తప్పుతాయి. పొదుగు బయటికి ఒకటిగా కనిపించినా లోపల నాలుగు వేరువేరు కొట్లు. ఒకదాని పాలు పక్కదాంట్లోకి పోవు. నాలుగు చన్ల పాలూ ఒకే బకెట్లో పడ్డాక తప్పు ఏ చన్నుదో కనుక్కోలేం.

పొదుగు వాచి, ఎర్రబడి, చెయ్యి వేస్తే ఆవు కాలు జాడించే పొదుగువాపు అందరికీ తెలుసు. నష్టం ఎక్కువ చేసేది మాత్రం ఏ లక్షణమూ చూపించని రకం. పొదుగు మెత్తగానే ఉంటుంది, పాలు తెల్లగానే ఉంటాయి, రోజుకు అర లీటరో లీటరో తగ్గుతుంది, అంతే. "దిష్టి తగిలింది" అని ఎర్రనీళ్ళు తీసి సరిపెట్టేది ఎక్కువగా ఇలాంటి ఆవులకే.

సబ్బుపొడితో పరీక్ష

దీన్ని పట్టుకోవడానికి 1957లో అమెరికాలో కనిపెట్టిన కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్ట్ (సీఎంటీ) ఇప్పటికీ పనికొస్తుంది. నాలుగు గుంటలున్న తెల్ల ప్లాస్టిక్ పలక, ఒక ఊదారంగు ద్రావణం ఉంటాయి. పశువుల మందుల షాపులో కిట్టు దొరకకపోతే ఇంట్లో ఉన్న బట్టల సబ్బుపొడి చాలు. 100 మి.లీ. నీళ్ళలో 3 గ్రాముల పొడి వేసి, నురగ రాకుండా మెల్లగా కలిపి, తేటపడనివ్వాలి. ఏ పూటకు ఆ పూట కొత్తగా కలుపుకోవడం మేలు.

చేసే పద్ధతి ఇది. చన్ను తుడిచి, మొదటి రెండు మూడు ధారలు వేరే గిన్నెలోకి తీసి పారబోయాలి. తర్వాత ఒక్కో చన్ను నుంచి ఒక్కో గుంటలోకి రెండేసి ధారలు పిండాలి. పలకను ఏటవాలుగా వంచి ఎక్కువైన పాలు ఒంపేస్తే ఒక్కో గుంటలో 2, 3 మి.లీ. మిగులుతాయి. అంతే కొలత ద్రావణం పోయాలి. పలకను బల్లపరుపుగా పట్టుకుని గుండ్రంగా తిప్పుతూ పది లెక్కపెట్టాలి. తిప్పుతూనే చూడాలి, ఎందుకంటే తేలికపాటి మార్పు వచ్చినట్టే వచ్చి 20 సెకన్లలో కరిగిపోతుంది.

పాలు నీళ్ళలా జారిపోతుంటే ఆ చన్ను బాగున్నట్టు. పలక వంచినప్పుడు అడుగున సన్నటి జిగురు తీగలాగి మాయమైతే అనుమానం, నాలుగు రోజులాగి మళ్ళీ చూడాలి. గంజిలా చిక్కబడి, తిప్పితే మధ్యకు చేరుతుంటే వ్యాధి ఉన్నట్టే. గుడ్డు తెల్లసొనలా ముద్దకట్టి, పలక వంచితే మొత్తం ఒక్కసారిగా జారిపడితే లోపల పెద్ద యుద్ధం నడుస్తోందని అర్థం. ఆ జిగురు ఎక్కడినుంచి వస్తుందంటే, సూక్ష్మజీవులతో పోరాడటానికి తెల్లరక్తకణాలు పాలల్లోకి దిగుతాయి. సబ్బు ఆ కణాల గోడలు పగలగొడితే లోపలి డీఎన్‌ఏ బయటికొచ్చి జిగురవుతుంది. బాగున్న చన్ను పాలల్లో మిల్లీలీటరుకు ఈ కణాలు లక్ష లోపే ఉంటాయి, రెండు లక్షలు దాటితే వ్యాధి కిందే లెక్క. తెల్లసొనలా ముద్దకట్టిన పాలల్లో 50 లక్షలకు పైనే ఉంటాయి.

పాలిచ్చే ప్రతి ఆవుకూ పదిహేను రోజులకొకసారి ఈ పరీక్ష చేసి, గోడ క్యాలెండర్ మీద ఆవు పేరు, చన్ను గుర్తు (ముందు కుడి, వెనక ఎడమ, ఇలా) రాసుకుంటే చాలు. ఒకే చన్ను వరుసగా మూడుసార్లు జిగురు చూపిస్తుంటే ఆ సంగతి డాక్టరుకు ఎంతో పనికొస్తుంది. ఎక్కువ మంది పరీక్ష చేస్తారు గానీ రాసుకోరు. రెండో నెలకు అంతా మర్చిపోయి మళ్ళీ మొదటికొస్తారు.

పాలు పిండిన తర్వాతి అరగంట

చన్ను కొనలో సెంటీమీటరు పొడవుండే సన్నటి దారి ఉంటుంది. దాని చుట్టూ బిగుసుకునే కండ, లోపల మైనంలాంటి కెరటిన్ పూత ఉంటాయి. సూక్ష్మజీవికి ఇదే వాకిలి. పాలు పిండినాక ఈ వాకిలి వెంటనే మూసుకోదు, అరగంట నుంచి గంట దాకా తెరిచే ఉంటుంది. ఆ సమయంలో ఆవు పడుకుంటే, కింద పేడ ఉంటే, అంతకు మించిన అవకాశం క్రిమికి అక్కర్లేదు.

ఈ ఒక్క విషయం తెలిస్తే సగం నివారణ దానంతటదే అర్థమవుతుంది. దాణా, కుడితి పాలు పిండక ముందు పెట్టి, పిండినాక ఆవును వట్టి గాడి ముందు వదిలేస్తే అది చేసే పని పడుకోవడమే. పచ్చిమేతను పిండినాకే వెయ్యండి. సూపర్ నేపియరో, పచ్చి జొన్నో ఒక మోపు ముందుంటే ముప్పావు గంట నిలబడే తింటుంది. పైసా ఖర్చు లేని మందు ఇది.

రెండోది చన్లను అయోడిన్‌లో ముంచడం. దుకాణాల్లో తయారుగా దొరికే టీట్ డిప్ వాడితే సరే. ఇంట్లో కలుపుకోవాలంటే 10 శాతం పోవిడోన్ అయోడిన్ ద్రావణం 500 మి.లీ., గ్లిజరిన్ 150 మి.లీ., నీళ్ళు 350 మి.లీ. కలపాలి. అందులో అసలు అయోడిన్ అర శాతం ఉంటుంది, కావలసింది అంతే. గ్లిజరిన్ మానేస్తే చన్లు ఎండి పగుళ్ళు వస్తాయి, ఆ పగుళ్ళలోనే స్టాఫ్ (స్టాఫిలోకాకస్) అనే క్రిమి కాపురం పెడుతుంది. నీళ్ళు బోరు నీళ్ళు వద్దు. మన బోర్లలో ఉప్పదనం, సున్నపుదనం ఎక్కువ. ఇంటికి తెచ్చుకునే 20 లీటర్ల క్యాను నీళ్ళు పొయ్యండి. షాపులో అడిగేటప్పుడు సబ్బు కలిపిన స్క్రబ్ సీసా కాకుండా మామూలు ద్రావణమే ఇమ్మనండి. స్క్రబ్‌లోని సబ్బు చర్మాన్ని పీల్చేస్తుంది.

చిన్న ప్లాస్టిక్ గ్లాసులో పోసి చన్ను ముప్పాతిక భాగం మునిగేలా ఒక్కో దాన్నీ ముంచి తియ్యాలి. గుడ్డతో అద్దితేనో, స్ప్రే ఒకపక్క కొడితేనో రెండో పక్క తడవదు. గ్లాసులో మిగిలింది మళ్ళీ సీసాలో పోయొద్దు. ముదురు గోధుమ రంగు వెలిసి పసుపుగా మారిందంటే పాలు, పేడ కలిసి అయోడిన్ చచ్చిపోయినట్టే, పారబోసి కొత్తది పొయ్యాలి. దూడను చివర్లో తాగడానికి వదిలే ఇళ్ళలో దూడ తాగినాక, చన్లు తుడిచి, అప్పుడు ముంచాలి. ముందు ముంచి తర్వాత దూడను వదిలితే ఆ కష్టమంతా దూడ నోట్లోకే.

పర్మాంగనేట్ కూడా వాడతారు. అది పొదుగు కడగడానికి పనికొస్తుంది, అయోడిన్ బదులు మాత్రం కాదు. 10 లీటర్ల నీళ్ళకు 1 గ్రాము, లేత గులాబీ రంగు దాటకూడదు. ముదురు వంకాయ రంగులో కలిపితే చన్లు నల్లబడి బెరడు కడతాయి.

చెయ్యి, గుడ్డ, వరుస

బకెట్ నీళ్ళు తెచ్చి పొదుగంతా కడిగి, తడి ఆరకుండానే పిండడం మన దగ్గర అలవాటు. పైనుంచి కారే మురికి నీళ్ళన్నీ చన్ను కొనకు చేరి, అక్కడినుంచి చేతికి, చేతినుంచి పక్క చన్నుకు పోతాయి. మురికి లేకపోతే కడగకండి, పొడిగుడ్డతో తుడవండి. మురికి ఉంటే చన్ల వరకే కడిగి, పూర్తిగా ఆరేలా తుడవండి. ఒక ఆవుకు ఒక గుడ్డ. పాత పంచె చింపి ఇరవై ముక్కలు చేసుకుని, వాడినవన్నీ సాయంత్రం మరిగే నీళ్ళలో వేసి ఎండలో ఆరేస్తే సరిపోతుంది. పది ఆవులకు ఒకే గుడ్డ వాడటమంటే మొదటి ఆవు జబ్బును మిగతా తొమ్మిదింటికీ పంచడమే.

మొదటి ధారలు నేలమీద పిండొద్దు. నల్లటి గిన్నెలోనో, నల్లగుడ్డ కట్టిన లోటాలోనో పిండితే చిన్న తెట్టె ఉన్నా కనిపిస్తుంది. నేలమీద పడిన జబ్బు పాలు ఆవు పడుకునే చోటుకు విత్తనం చల్లినట్టు.

తుడవడం మొదలుపెట్టిన నిమిషానికి ఆవు చేపుకొస్తుంది. ఆ చేపు ఐదు నుంచి ఏడు నిమిషాలే ఉంటుంది. మధ్యలో ఫోనొచ్చి లేచిపోతే మిగిలిన పాలు లోపలే నిలిచిపోతాయి. పిండే పద్ధతిలో బొటనవేలు మడిచి, ఆ కణుపుకు చన్నును నొక్కి లాగే అలవాటు చాలామందికి ఉంది. వేగంగా వస్తాయి నిజమే, కానీ అదే చోట రోజూ రెండుపూటలా కణుపు నొక్కుడు పడితే లోపలి పొర గట్టిపడి, చన్ను మధ్యలో ముడి తగులుతుంది. చన్నును పిడికిట్లో పట్టుకుని పైవేలు నుంచి చిటికెనవేలు దాకా వరుసగా మూస్తూ పిండడం మంచిది. వేళ్ళను పాల నురగలో ముంచి తడిచేసుకోవడం, కుడిచేతి ఉంగరాలు, పెరిగిన గోళ్ళు, ఇవి మానేస్తే చాలు. జారడానికి ఏదైనా కావాలనిపిస్తే అది చేతి లోపమే, చన్నుది కాదు.

వరుస మరీ ముఖ్యం. మొదటి ఈత ఆవులు ముందు, బాగున్న పెద్దావులు తర్వాత, ఇంతకుముందు పొదుగువాపు వచ్చినవి ఆ తర్వాత, ఇప్పుడు మందు నడుస్తున్నది అన్నిటికన్నా చివర. ఒక ఆవులో కూడా తప్పిన చన్నును చివరగా పిండి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

పాలు పిండే మిషన్ ఉన్నవాళ్ళకు రెండు మాటలు. వాక్యూమ్ ముల్లు 12, 13 అంగుళాల దగ్గర ఉండాలి. తొందరగా వస్తాయని 15 దాటిస్తే చన్ను కొన పువ్వులా విచ్చుకుని గరుకవుతుంది. చన్లకు తొడిగే రబ్బరు లైనర్లు 2500 పిండుళ్ళకు మార్చాలి. నాలుగు లైనర్లుండే ఒక క్లస్టర్‌తో పది ఆవులను రెండు పూటలా పిండితే రోజుకు ఇరవై, అంటే 125 రోజులకు గడువు తీరినట్టే. పగిలేదాకా వాడతామంటే పొదుగు ఒప్పుకోదు.

కొట్టం నేల

మన అనంతపురం జిల్లాలో కొట్టాలకు తాడిపత్రి బండలు పరచడం మామూలే. కడుక్కోవడానికి బాగుంటాయి, చవకా. లోపం ఎక్కడొస్తుందంటే బండకూ బండకూ మధ్య సందుల్లో. అక్కడ గంజు (ఆవు మూత్రం) నిలిచి, పేడ ఇరుక్కుని, ఎంత కడిగినా పోదు. సందులను సిమెంటుతో పూడ్చాలి. నలభై అడుగులకు ఒక అడుగు చొప్పున కాలువ వైపు వాలు ఉండాలి. నున్నటి బండ మీద లేవబోయి జారిన ఆవు తన గిట్టతో తన చన్నే తొక్కుకుంటుంది. ఉలితో అడ్డంగా గాట్లు కొట్టిస్తే ఆ బాధ తగ్గుతుంది.

పడుకునే చోట వంక ఇసుక అన్నిటికన్నా మేలు. క్రిమికి అందులో తినడానికి ఏమీ దొరకదు. చెనక్కాయ పొట్టు, రంపపు పొట్టు పొడిగా ఉన్నంతసేపే బాగుంటాయి, గంజు తగిలి ఒకరోజు మగ్గితే చేత్తో పట్టుకుంటే వేడి తెలుస్తుంది. ఆ వేడి క్రిములు పెరుగుతున్న వేడి. రోజూ తడిసినంత మేర తీసేసి కొత్తది వెయ్యాలి. వారానికి రెండుసార్లు పొడి సున్నం చల్లి ఊడిస్తే మంచిది. ఏడాదంతా పొడిగా ఉండే ఊళ్ళలో ఉత్తర, హస్త కార్తెల (సెప్టెంబరు, అక్టోబరు) వానలకు కొట్టం ముందు బురదైపోతుంది. పొదుగువాపు గుంపుగా లేచేది కూడా ఆ నెలల్లోనే. మిగతా కాలమంతా బాగుంది కదా అని బురదను తేలిగ్గా తీసుకుంటారు.

వాచినాక

పొదుగు వాచి, పాలు విరిగినట్టు తెట్టెలు కడితే మొదటి పని ఆ చన్ను పాలు పూర్తిగా పిండెయ్యడం. రెండు మూడు గంటలకొకసారి పిండుతూ ఉండాలి. ఆ పాలు దూడకు వద్దు, కుక్కకు వద్దు. బకెట్లో కాస్త బ్లీచింగ్ వేసి కొట్టానికి దూరంగా గుంతలో పొయ్యాలి. కొత్తగా వేడెక్కి ఉబ్బిన పొదుగుకు చల్లనీళ్ళు, మంచుగడ్డ. పాతబడి గట్టిపడిన దానికి గోరువెచ్చటి కాపడం. చాలామంది అన్నిటికీ వేడి కాపడమే పెట్టి వాపు పెంచుకుంటారు.

జ్వరం చూడండి. ఆవుకు మామూలు వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్. వేడి మామూలుగా ఉండి, మేత తింటూ, ఒక చన్ను మాత్రమే తప్పితే డాక్టరు ఉదయం వచ్చినా పర్వాలేదు. 104 దాటి, మేత మాని, పాలు పసుపుపచ్చటి నీళ్ళలా వస్తుంటే ఆగకూడదు, పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చెయ్యాలి. ఇది ఎక్కువగా ఈ.కోలి పని. ఆ క్రిమి విడిచే విషం రక్తంలో కలిస్తే ఒక్క రోజులో ఆవు కూలబడుతుంది.

ఇక్కడ ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు ఒకటుంది. ఈనిన రెండు మూడు రోజుల్లో ఆవు లేవకుండా, చెవులు చల్లబడి పడుకుంటే చూసినవాళ్ళందరూ "పాలజ్వరం, కాల్షియం ఎక్కించండి" అంటారు. పాలజ్వరంలో (అంటే ఈనినాక రక్తంలో కాల్షియం పడిపోయే జబ్బులో) పొదుగు మెత్తగా ఉంటుంది, పాలు మామూలుగా ఉంటాయి. విషమెక్కిన పొదుగువాపులో కూడా చివరికి చెవులు చల్లబడతాయి, వేడి మామూలు కన్నా కిందికి పడిపోతుంది. కానీ ఒక చన్ను గట్టిగా ఉంటుంది, పిండితే నీళ్ళొస్తాయి, కళ్ళు లోపలికి పోతాయి, చాలాసార్లు పారుడు కూడా ఉంటుంది. అలసిన ఆ గుండెకు కాల్షియం సీసా నరంలోకి వేగంగా వదిలితే అక్కడికక్కడే ఆగిపోవచ్చు. కాల్షియం మాట ఎత్తేముందు నాలుగు చన్లూ పిండి చూడండి. పొదుగులో ఒక భాగం నీలంగా మారి, తాకితే చల్లగా ఉంటే అది కుళ్ళుతున్నట్టు. అప్పుడు పొదుగు సంగతి పక్కనపెట్టి ఆవును కాపాడుకునే పనే మిగులుతుంది.

యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే పాల నమూనా తీసుకోవాలి. ఒక్క రోజు మందు పడినా ఆ నమూనా సరిగా పలకదు. చన్ను కొనను స్పిరిట్ దూదితో రుద్ది, అది ఆరినాక, రెండు ధారలు వదిలి, క్రిమిరహితమైన సీసాను ఏటవాలుగా పట్టుకుని 5 నుంచి 10 మి.లీ. పిండాలి. సీసా మూతి చన్నుకు తగలొద్దు, మూత లోపలిపక్క వేలు పెట్టొద్దు. తుడిచేటప్పుడు దూరం చన్లు ముందు, దగ్గరవి తర్వాత. నమూనా తీసేటప్పుడు దగ్గరవి ముందు. లేకపోతే తుడిచిన చన్నుకే మోచెయ్యి రాసుకుంటుంది. మంచుగడ్డల మధ్య పెట్టి అదే రోజు పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు చేర్చాలి. కడప వైపు వాళ్ళకు ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల ఉంది. ఏ మందుకు లొంగుతుందో తెలియడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోపు డాక్టరు తన అనుభవంతో మందు మొదలుపెడతాడు, ఫలితం వచ్చాక మారుస్తాడు.

ట్యూబు ఎక్కించేటప్పుడు

యాంటీబయాటిక్‌ను ట్యూబుతో చన్ను కొనలోంచి లోపలికి ఎక్కిస్తారు. మందు సరైనదైనా ఎక్కించే తీరు తప్పితే జబ్బు ముదురుతుంది. ముందు చన్నును ఖాళీ చెయ్యాలి. స్పిరిట్ దూదితో కొనను తెల్లదూది తెల్లగానే మిగిలేదాకా రుద్దాలి. ఒక దూదికి రెండు దూదులు పడితే పడనీయండి. ట్యూబు మూతిని మూడు నాలుగు మిల్లీమీటర్లు లోపలికి పెడితే చాలు. మొత్తం దూర్చితే కెరటిన్ పూత చెక్కుకుపోతుంది, వాకిట్లో ఉన్న క్రిమిని చేజేతులా నట్టింట్లోకి తోసినట్టవుతుంది. మందు వదిలి, చన్నును కింద మూసిపట్టి, పైకి నెమ్మదిగా నిమరాలి. ఆ తర్వాత అయోడిన్‌లో ముంచాలి.

ఒక ట్యూబు ఒక చన్నుకే. ధర చూసి సగం సగం రెండు చన్లకు పంచితే రెండిట్లోనూ క్రిమి చావదు, మందుకు అలవాటు పడుతుంది. రెండో ట్యూబుకు పాలు తెల్లబడ్డాయని మూడోది మానేయడం కూడా ఇలాంటిదే. వేపపుల్లో, సైకిల్ చువ్వో పెట్టి మూసుకుపోయిన చన్ను తెరవడం, ఇంట్లో కాచిన కషాయం సిరంజితో చన్నులోకి ఎక్కించడం, ఇవి చేస్తే శిలీంధ్రాలు చేరతాయి. ఆ జబ్బుకు యాంటీబయాటిక్ వేసేకొద్దీ ముదురుతుందే గానీ తగ్గదు.

నొప్పికి మెలోక్సికామ్ బాగుంటుంది. కిలో బరువుకు అర మిల్లీగ్రాము, అంటే 400 కిలోల ఆవుకు 200 మిల్లీగ్రాములు. నొప్పి తగ్గితే ఆవు మేత మొదలుపెడుతుంది, మేత తింటే కోలుకుంటుంది. డైక్లోఫెనాక్ పశువులకు వాడటం 2006 నుంచి నిషేధం. ఆ మందు పడిన కళేబరం తిని రాబందులు చచ్చాయి. కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను 2023లో ఆపేశారు. అయినా మనుషుల ఇంజక్షన్ తెచ్చి పొడిచేవాళ్ళు ఉన్నారు, అడ్డుకోండి.

మందు నడిచినన్ని రోజులు, ఆ తర్వాత పెట్టె మీద రాసినన్ని గంటలు పాలు కేంద్రానికి పొయ్యొద్దు. ఒక్క చన్నుకే ఎక్కించినా నాలుగు చన్ల పాలూ ఆపాల్సిందే, ఎందుకంటే కొంత మందు రక్తం ద్వారా మిగతావాటికీ చేరుతుంది. ఇంట్లో ఆ పాలు తోడుపెట్టి చూస్తే తెలుస్తుంది. తెల్లారేసరికి పెరుగు కాకుండా పాలలాగే మిగులుతాయి. మందు, తోడులోని మంచి క్రిములను కూడా చంపేస్తుంది.

కలబంద, పసుపు, సున్నం

ఎన్‌డీడీబీ (జాతీయ పాడి అభివృద్ధి మండలి) పొదుగువాపుకు ప్రచారం చేసే పూత ఇది. కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, తాంబూలపు సున్నం 15 గ్రాములు కలిపి రుబ్బితే ఎర్రటి ముద్ద అవుతుంది. పిడికెడు ముద్దలో 150 నుంచి 200 మి.లీ. నీళ్ళు కలిపి, పాలు పూర్తిగా పిండి కడిగిన పొదుగంతటికీ పట్టించాలి. రోజుకు పదిసార్ల చొప్పున ఐదు రోజులు. పూతకు ముందు ప్రతిసారీ పాత పూత కడగాలి. దాంతోపాటు రోజుకు రెండు నిమ్మకాయలు కోసి తినిపిస్తారు. మొదట్లో, ఆవు మేత తింటూ ఉన్నప్పుడు ఇది బాగా పనిచేస్తుంది. పనిచెయ్యలేదనేవాళ్ళను అడిగితే రోజుకు రెండుసార్లు పూసి వదిలేశామంటారు. జ్వరం 104 ఉన్న ఆవుకు మాత్రం పూత ఒక్కటే నమ్ముకోవద్దు, డాక్టరు వచ్చేలోపు పూసుకోండి. పుట్టమన్ను పట్టీ వద్దే వద్దు. మట్టిలో క్రిములకు కొదవలేదు.

మొండి చన్ను

ప్రతి ఈతలో అదే చన్ను, అదే వాపు, మందు వేస్తే వారం బాగుండి మళ్ళీ తెట్టెలు. ఇది స్టాఫిలోకాకస్ ఆరియస్ స్వభావం. పొదుగు కండలో చిన్న చిన్న చీముగడ్డలు కట్టి, చుట్టూ గోడ కట్టుకుని కూర్చుంటుంది. మందు గోడ దాటదు. చంపడానికి వచ్చిన తెల్లకణం లోపలే దాక్కుని బతుకుతుంది కూడా. నిమురుతుంటే రాయిలాంటి ముద్దలు చేతికి తగిలితే ఆ చన్ను మీద మళ్ళీ మళ్ళీ ట్యూబులు కాల్చడం దండగ. ఆ ఒక్క చన్నును డాక్టరు చేత శాశ్వతంగా ఎండగట్టించి, మూడు చన్ల ఆవుగా ఉంచుకోవచ్చు. రెండు చన్లు అలా ఉంటే ఆవును మందలోంచి తీసెయ్యడమే. కొనేటప్పుడు కూడా సంతలో పొదుగు సైజు చూసి మురిసిపోకుండా సబ్బుపొడి పరీక్ష చేసి కొనండి. అమ్మేవాడు వద్దంటే ఆవును వదిలెయ్యండి.

పైకి లక్షణాలు లేకుండా పరీక్షలో మాత్రం జిగురు చూపించే చన్లకు పాలిచ్చే కాలంలో ట్యూబు వెయ్యడం చాలాసార్లు లాభం లేని పని. శుభ్రత సరిచేసి, వట్టిపోయే కాలం దాకా కాచుకోవాలి.

వట్టికాలం

ఆ కాలమే అసలు మందు పనిచేసే సమయం. ఏడు నెలల చూడి దాటి, ఈతకు అరవై రోజులు ఉందనగా దాణా తగ్గించి, పాలు దించి, ఒక పూటతో పిండడం పూర్తిగా ఆపెయ్యాలి. చివరిసారి పూర్తిగా పిండినాక నాలుగు చన్లకూ నాలుగు డ్రై కౌ ట్యూబులు ఎక్కించాలి. ఇవి వేరే, పాలిచ్చే ఆవుకు వేసేవి వేరే. వీటిలో మందు వారాల తరబడి నెమ్మదిగా వదులుతుంది కాబట్టి పాలు కలుషితం కాకుండా ఎక్కువ రోజులు మొండి క్రిమి మీద పనిచేస్తుంది. దీన్ని ఈతకు నెలరోజుల ముందు ఎవరో గుర్తొచ్చి ఎక్కిస్తే ఈనినాక పాలల్లో మందు మిగులుతుంది. తర్వాత రోజుకొకసారి, రెండు రోజులకొకసారి పిండుతూ మెల్లగా వదిలించే పాత పద్ధతి వద్దు. పిండిన ప్రతిసారీ మందు బయటికి పోతుంది, వాకిలి మళ్ళీ తెరుచుకుంటుంది. పొదుగు మూడు నాలుగు రోజులు బిగుసుకుని, తర్వాత తనంతట తానే లోపలికి పీల్చుకుంటుంది. ఆ వారం రోజులు రోజూ చూడండి గానీ పిండకండి. ఒక చన్ను మాత్రమే ఎర్రగా, వేడిగా ఉంటే అది వేరే సంగతి, డాక్టరును పిలవాలి.

ఈ రెండు నెలల్లో రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, విటమిన్ ఈ, సెలీనియం ఉన్నవి పెడితే పొదుగులోని తెల్లకణాలకు బలం. ఈనే చోటుకు పాత గడ్డి ఊడ్చి, సున్నం చల్లి, కొత్త ఇసుక పరవాలి. ఈనినాక జున్నుపాలు దిగే మొదటి నాలుగైదు రోజులు సబ్బుపొడి పరీక్ష చేస్తే అన్ని చన్లూ జిగురే చూపిస్తాయి. భయపడి ట్యూబులు ఎక్కించకండి, ఆరో రోజు మళ్ళీ చూడండి. అప్పటికీ జిగురు తగ్గని చన్ను ఏదో క్యాలెండర్ మీద రాసుకోండి.